నీళ్ళు తాగిన రాయి

బూ ఓక్నామ్ సంతాప సభలో మున్ జంగ్‌సూక్ చేసిన ప్రసంగం

జనవరి పదిహేడు, శనివారం. ఐదింటికి లేవడం. అత్తగారికి జావ, మందులు. ముల్లంగి పద్నాలుగు తరిగి ఉడికించడం. ఆ కూర చుట్టి అట్లు నూట ముప్ఫై పోయడం. పంది ఎముకల పులుసు రెండు పెద్ద గిన్నెలు, సముద్రపు నాచు వేసి దించడం. ఈ హాలు ఊడవడం, చాపలు పరవడం, హీటర్లు మూడు పెట్టడం. మూడోది వెలగలేదు. ఆ పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం ఓర్చుకోండి.

పెద్దలారా, అక్కల్లారా, చెల్లెళ్ళారా, సముద్రం దాటి వచ్చిన అతిథులారా.

నేను రోజూ పుస్తకంలో ఇలాగే రాసుకుంటాను. ప్రసంగం ఎలా మొదలుపెట్టాలో తెలియక ఈ రోజు పేజీ చదివాను. ఇంత గాలిలో, ఇంత చలిలో, క్యారట్ తవ్వకం వదులుకుని మీరంతా వచ్చారు. ఓక్నామ్ సామ్‌చున్ కోసం వచ్చారు. బతికి ఉండగా ఆమె కోసం మనం ఇంతమందిమి ఎప్పుడైనా ఒక్క చోట చేరామా? చేరలేదు. ఎందుకు చేరలేదో మీకు తెలుసు. మీకు తెలిసింది తప్పు.

ఆ మాట ముందే చెప్పేస్తాను. చివరికి దాచుకుంటే మళ్ళీ మింగేస్తానని నాకే భయం. తొమ్మిదేళ్ళ కింద సెప్టెంబరు తుఫానుకి పడమటి చేలు మునిగాయి. మొలకెత్తిన క్యారట్ అంతా కొట్టుకుపోయింది. ఆ నీళ్ళు ఓక్నామ్ సామ్‌చున్ గోడ విప్పడం వల్ల రాలేదు. నా వల్ల వచ్చాయి.

కూర్చోండి, జేపిల్ సామ్‌చున్. అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది మీరే, అందుకే మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టాను. చివరిదాకా వినండి. తర్వాత ఏమన్నా పడతాను. కానీ ముందు ఆమె ఎవరో చెప్పనివ్వండి. ఆమె ఎవరో తెలియకుండా నేను చేసింది ఎంతో మీకు తెలియదు.

అతిథులకు ఒక్క ముక్క. మా ఊళ్ళో ఆడైనా మగైనా మనకన్నా పెద్దవాళ్ళు ఎవరైనా సామ్‌చున్‌లే. చుట్టరికం ఉండక్కర్లేదు. మీరు ఇప్పుడు పులుసు తాగితే మీక్కూడా ఉన్నట్టే.

ఓక్నామ్ సామ్‌చున్ రాళ్ళు కొట్టే బూ వారి ఇంట్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట ఓడ ఎక్కింది. వంటపని దొరుకుతుందని వెళ్ళి, ఒక విశ్వవిద్యాలయంలో రాళ్ళు కోసే గదిలో నేల తుడిచే పనిలో చేరింది. మూడేళ్ళు తిరక్కుండా ఆ గదిలో కోత యంత్రం ముందు ఆమే కూర్చుంది. నలభై ఏళ్ళకు పైగా అక్కడి నుంచి లేవలేదు.

ఆ పనేమిటో నాకు ఎన్నోసార్లు చెప్పింది. రాయిని బిస్కెట్టంత ముక్క కోయాలి. ఒక పక్క నునుపు చేసి గాజుపలకకు అతికించాలి. రెండో పక్క అరగదీస్తూ పోవాలి. ఎంతవరకు? రాయిలోంచి వెలుతురు అవతలికి కనబడేదాకా. తలవెంట్రుకను నిలువునా రెండుగా చీలిస్తే ఎంత మందమో అంతవరకు. అంతకన్నా మందంగా ఉంటే లోపల ఏముందో సరిగ్గా తెలియదు. ఇంకో పది చుట్లు ఎక్కువ తిప్పామా, రాయే ఉండదు. గాజు మీద బూడిదరంగు నీళ్ళు మిగులుతాయి. అతికించుకోవడానికి లేదు, మళ్ళీ మొదలుపెట్టడానికి లేదు.

మరి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? రాయిలో తెల్లని సూదుల్లాంటివి ఉంటాయట. మైక్రోస్కోపులో ప్రత్యేకమైన అద్దాల మధ్య పెట్టి చూస్తే అవి మొదట పసుపుగా కనబడతాయి. పసుపు పోయి లేత బూడిదరంగు వచ్చిన క్షణాన చెయ్యి ఆపాలి. ఆమె మాట ఒకటుంది, ఆ గదిలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. "పసుపులో ఆపితే బద్ధకం. నలుపుదాకా పోతే పొగరు."

ఒకరోజు ఆ గదికి బొటనవేలి గోరంత రాయి వచ్చింది. చందమామ రాయి. ఎప్పుడో చందమామ మీద ఏదో పెద్ద బండ పడితే, ఆ దెబ్బకి అక్కడి నేల లోంచి ఎగిరిన ముక్క. ఎన్నాళ్ళు ఆకాశంలో తిరిగిందో ఎవరికీ తెలియదు. చివరికి ఒక ఎడారిలో పడింది. దొరికినవాళ్ళు చిన్న ముక్క కోసి పంపారు. గదిలో పెద్ద చదువులు చదివినవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ డబ్బీ తీసుకెళ్ళి మన ఓక్నామ్ సామ్‌చున్ ముందు పెట్టారు.

ఆమె ఆ రోజు దాన్ని ముట్టుకోలేదు. తల్లికి ఉత్తరం రాసింది: మన చేని గోడలోంచి చిల్లులు లేని గట్టి నల్లరాయి ఒకటి పంపించు, దాని మీద చెయ్యి అలవాటు చేసుకోవాలి అని. తల్లి ఒకటి కాదు, పెట్టెనిండా తొమ్మిది రాళ్ళు ఓడలో పంపింది. లోపల చీటీ: "ఇవి ఏరలేకే నా నడుం వంగింది. కావాలంటే చేనంతా పంపిస్తా, ఓడవాణ్ణి ఇంకోసారి రమ్మను."

ఆ తొమ్మిది రాళ్ళలోంచి నలభై ముక్కలు కోసింది. ఎందుకంటే ఈ పని ఆమెకు అలవాటైన పని కాదు. చందమామ రాయికి నీళ్ళు తగలకూడదు. లోపల సన్నని ఇనుప రవ్వలుంటాయి, అవి ఎన్నడూ నీళ్ళు ఎరగవు, తగిలితే తుప్పు పడతాయి. నూనెతో అరగదీయాలి. ఇరవై ఏళ్ళుగా ఎడమచెయ్యి నీళ్ళగిన్నె వైపు వెళ్ళడం ఆమెకు ఊపిరి లాంటిది. గిన్నె తీసి నడవాలో పెట్టింది. అయినా చెయ్యి గిన్నె ఉండాల్సిన చోటికి వెళ్తూనే ఉంది. మొదటి పదకొండు ముక్కలు పొడైపోయాయి. నలభయ్యోది అయ్యేసరికి చెయ్యి ఊరుకుంది. అప్పుడు డబ్బీ తెరిచింది.

మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ కారం ముట్టలేదు, అరచేతికి చెమట పడుతుందని. మూడో రోజు మధ్యాహ్నం బూడిదరంగు వచ్చింది. ఆపింది. మొట్టమొదట చూసిన కన్ను ఆమెది.

ఏం చూసిందో నాతో చెప్పిన మాటలు అలాగే చెప్తాను. "జంగ్‌సూకా, ఎక్కడో దేవలోకం కనబడుతుందనుకున్నాను. మా అమ్మ చేని గోడ కనబడింది. అవే తెల్లసూదులు, అవే గోధుమరంగు పలకలు, అవే పచ్చగింజలు. నాకు ఏడుపొచ్చింది."

అక్కల్లారా, ఒక్కసారి ఆలోచించండి. మనం రోజూ తిట్టుకునే రాయి. నాగలికి తగిలే రాయి, గోడకు పేర్చే రాయి, పందులదొడ్డికి అడ్డం పెట్టే రాయి. బసాల్టు అంటారట పుస్తకాల్లో. అదే రాయి అక్కడ. అంత దూరాన, మనిషి పుట్టక ముందు, చెట్టు పుట్టక ముందు, అదే తీరున కరిగి, అదే తీరున చల్లారి. ఎవరు చెప్పారు దానికి ఇలాగే గడ్డకట్టమని?

కానీ చూస్తూ చూస్తూ ఉంటే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఏది ఉందో కాదు, ఏది లేదో. మన రాతిలో పచ్చగింజల అంచులు ఎర్రగా తుప్పుపట్టి ఉంటాయి. ఇందులో ఆ ఎరుపు లేదు. పై పెంకుకి ఎడారిలో పట్టిన తుప్పు తప్ప, లోపల ఒక్క మరక లేదు. ఇనుపరవ్వలు కొత్త సూదుల్లా మెరుస్తున్నాయి. మూడు వందల కోట్ల ఏళ్ళ రాయి. నిన్న సాయంత్రం చల్లారినట్టు ఉంది. మన రాళ్ళు దాని ముందు నిన్నగాక మొన్న పుట్టినవి, లక్షల ఏళ్ళవి, కొన్నయితే వేల ఏళ్ళవే. అయినా ముసలివైపోయాయి. నీళ్ళు తాగాయి కాబట్టి.

ఈ సంగతి గుర్తుంచుకోండి.

పన్నెండేళ్ళ కింద పని మానేసి ఊరికి వచ్చింది. గది వాళ్ళు పాత మైక్రోస్కోపు ఒకటి కానుకగా ఇచ్చారు. తల్లి చేను, తల్లి ఇల్లు. వచ్చిన నెలకే బదులుపని పుస్తకంలో పేరు రాయించుకుంది. ఇవాళ నీ చేలో మేము, రేపు నా చేలో నువ్వు. ఆ పుస్తకం పదహారేళ్ళుగా నా చేతిలో ఉంది. ఎవరి వరస ఎప్పుడో, ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో నేను రాస్తాను, మీరు నమ్ముతారు.

ఆ మొదటి ఏడు మల్సూన్ సామ్‌చున్ చేలో క్యారట్ పలచన చేస్తున్నాం. మీ చేలోనే, జేపిల్ సామ్‌చున్, మీ ఇంటావిడ ఉన్న రోజుల్లో. మధ్యాహ్నం మూడు గంటలు. తూర్పున పగటి చందమామ, తెల్లగా, నానిన కాగితంలా. మల్సూన్ సామ్‌చున్ నడుం పట్టుకుని లేచి, "ఏమే ఓక్నామ్, రాళ్ళు కోసి పింఛను తెచ్చుకున్నావు. మేము పుట్టినప్పటి నుంచి ఏరుతూనే ఉన్నాం, మాకు వాతం వచ్చింది. ఇంతకీ ఈ దరిద్రపు రాయి ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పు" అంది.

ఓక్నామ్ సామ్‌చున్ లేవలేదు, కూర్చున్న చోటి నుంచే చెప్పింది. "పంది కొవ్వుముక్క పెనం మీద వేస్తే ఏమవుతుంది? ముందు నూనె కారుతుంది, మాంసం మిగులుతుంది. భూమి లోపలి రాయి కూడా అంతే సామ్‌చున్. మొత్తం కరగదు. లోతుల్లోంచి మెల్లగా పైకి లేచేకొద్దీ మీది బరువు తగ్గి, కొంచెం కరిగి కారుతుంది. ఆ కారిందే మన నల్లరాయి. మిగిలిన మాంసం లోపలే ఉండిపోతుంది. ఎప్పుడో ఒక తునక తప్పిపోయి నూనెతో పాటు కొట్టుకొస్తుంది." అని గోడలో ఒక రాయి చూపించింది. నల్లరాతి మధ్యలో గుడ్డంత పచ్చగడ్డ. మనం పుట్టినప్పటి నుంచి ఆ గోడకు గుడ్డపేలికలు ఆరేస్తున్నాం, ఒక్కళ్ళమూ చూడలేదు.

"మరి చందమామది?" అంది మల్సూన్ సామ్‌చున్.

"చందమామ మొదట్లో అంతా కరిగిన రాతి సముద్రం. తేలికవి మీగడలా పైకి తేలాయి, బరువైనవి అడుక్కి దిగాయి. ఆ తెల్లగా మెరిసేదంతా మీగడ. తర్వాత పెద్దపెద్ద బండలు పడి గుంటలు చేశాయి. అడుగున ఉన్న బరువైనది కొంత మళ్ళీ కరిగి, పైకి వచ్చి, ఆ గుంటల్ని నింపింది. ఆ నల్లమచ్చలు చూసే మనం రోట్లో దంచే కుందేలు అంటున్నాం."

"అంటే కుందేలు, రోలు, రోకలి అంతా మన రాయేనా?"

"మన రాయే."

"అయితే పాపం ఆ చేను ఎవరు ఏరుతున్నారే? వాళ్ళకు బదులుపని వరస ఎవరు రాస్తున్నారు?"

"జంగ్‌సూక్‌ని పంపిద్దాం" అన్నారెవరో. "రోజుకు రెండుసార్లు లెక్కపెట్టి, కుందేలుకి కూడా వరస వేస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓక్నామ్ సామ్‌చున్ మాత్రం మెల్లగా అంది: "అక్కడ ఏరేందుకు చేనే లేదు. ఉన్నది పొడి, మట్టి కాదు. నీళ్ళు లేకపోతే రాయి నలుగుతుంది కానీ మట్టి కాదు." నవ్వు ఆగింది. పదిమంది ఆడవాళ్ళం చేతులకు అంటిన నల్లమట్టి వైపు చూసుకున్నాం. ఆ తర్వాత పని త్వరగా సాగింది.

ఇప్పుడు నా సంగతి.

మా చేని మూలలో ఊపిరిగుంట ఉంది. మీకు తెలుసు. నల్లరాళ్ళ మధ్య నోరు తెరుచుకున్న బిలం. వానాకాలంలో నీళ్ళు తాగుతుంది, చలికాలంలో వెచ్చని ఊపిరి వదులుతుంది. చుట్టూ మంచు పడినా దాని అంచున పచ్చని చెట్టాకులుంటాయి. చిన్నప్పుడు బడికి వెళ్తూ అందరం అక్కడ చేతులు కాచుకున్నవాళ్ళమే. పెద్దవాళ్ళు దాని జోలికి పోవద్దనేవారు.

పదేళ్ళ కింద మా ఆయన దున్నే యంత్రం చక్రం అందులో దిగబడింది. కాలు రెండుచోట్ల విరిగింది. ఎనిమిది నెలలు మంచం. లేచాక చేను దున్నలేనని పడవ మీద పనికి పోయాడు. నేను ఆ గుంట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కొలిచాను. నాలుగు అడుగులు, మూడు అడుగులు. ఇంత నోటికి ఒక మనిషి కాలు, ఎనిమిది నెలల బతుకు. ఆగస్టులో అందరూ ఎండకు ఇళ్ళలో ఉన్న మధ్యాహ్నాల్లో, ఐదు రోజులు, చేని రాళ్ళన్నీ అందులో వేశాను. పైన సముద్రపు ఇసుక కలిపి పదకొండు బస్తాల సిమెంటు. దాని మీద మట్టి. మట్టి మీద ముల్లంగి విత్తనాలు. ఎంత శుభ్రంగా చేశానంటే, నేనే వెతుక్కోవాల్సి వచ్చేది.

నెల తిరక్కుండా తుఫాను. ఆ రాత్రి వాన ఎలా పడిందో నేను చెప్పక్కర్లేదు. మా చేలో దిగాల్సిన నీళ్ళు దారి లేక పడమటికి తిరిగాయి.

ఆ వారమే ఓక్నామ్ సామ్‌చున్ మా పక్కనున్న తన చేని గోడ మూడు బారలు విప్పింది, ఒక పచ్చగడ్డ ఉన్న రాయి కోసం. నీళ్ళు ఆ సందులోంచి రావడం పొద్దున్నే అందరూ చూశారు. అంతే. ఊరు తీర్పు చెప్పేసింది. అక్కల్లారా, మన గోడకు సున్నం ఉందా, సిమెంటు ఉందా? గాలి దూరడానికి సందులు వదిలి పేర్చే గోడ. గాలిని ఆపని గోడ నీళ్ళను ఆపుతుందా? విప్పినా విప్పకపోయినా ఆ నీళ్ళు అలాగే వచ్చేవి. ఈ సంగతి ఈ దీవిలో చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా మనం నమ్మాం. రాళ్ళతో తిరిగే మనిషి మీద రాయి వేయడం సులువు.

ఇదే హాల్లో కూర్చున్నాం. "రాయి కోసం గోడ విప్పే మనిషికి మన చేతులెందుకు?" అన్నారు. బదులుపని వరసలోంచి పేరు తీసేయమన్నారు. పుస్తకం ఎవరి చేతిలో ఉంది? నా చేతిలో. స్కేలు పెట్టి గీత కొట్టాను. వంకర పోకుండా.

మర్నాడు ఆమె జేపిల్ సామ్‌చున్ చేలో బురద ఎత్తడానికి ఎవరూ పిలవకుండా వెళ్ళింది. మల్సూన్ సామ్‌చున్ మొహం తిప్పుకుంది. ఓక్నామ్ సామ్‌చున్ ఎత్తుతూనే ఉంది. ఆ బురదలో ఆమెకు అరచేతి మందాన ఒక ముక్క దొరికింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, తోపుడుబండిలో బొంత, బొంతలో మైక్రోస్కోపు పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టింది. "చూడు" అని మొదటి గాజుపలక పెట్టింది. మా గోడలోని రాయి, చేత్తోనే అరగదీసిందట. నేను అంతవరకు అందులోంచి ఎన్నడూ చూడలేదు.

ఏం చెప్పను? నల్లరాయి అనుకున్నాను. ఎక్కడా నలుపు లేదు. నీలం, గులాబీ, నారింజ, నెమలికంఠం రంగు. ఆమె కింది పళ్ళెం తిప్పుతుంటే ఒక గింజ ఆరుతోంది, పక్కది వెలుగుతోంది. ఈ వెలుగు మీద మేము కాళ్ళు కడుక్కున్నామా? దీని మీద పేడనీళ్ళు పోశామా?

రెండో పలక పెట్టింది, బురదలో దొరికిన ముక్కది. బూడిదగా, మసకగా, గుల్లపెంకుల ముక్కలు, ఇసుక. మధ్యమధ్య అవే పచ్చగింజలు, మా గోడవి.

"ఇది ఏం రాయి సామ్‌చున్?"

"రాయి కాదు. దీని వయసు నెల."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె మొహం చూడాలి. అద్దంలోనే చూస్తూ ఉండిపోయాను. ఆమె బార్లీ నీళ్ళు తాగింది, గిన్నె కింద పెట్టింది. తర్వాత అడిగింది:

"నీ గుంటకు ఊపిరాడటం లేదు. సుత్తి నీ దగ్గరుందా, నాది తేనా?"

ఇంతే. ఎందుకు చేశావని అడగలేదు. నన్ను ఊళ్ళో ఇలా చేశావేమని అడగలేదు. నేను గీత కొట్టిన మనిషి నా చేలో ఆరు రోజులు సుత్తి కొట్టింది. అప్పటికి డెబ్బై దగ్గర వయసు. సిమెంటు పగిలాక రాళ్ళు ఒక్కొక్కటే తీశాం. ఆరో రోజు, అడుగున ఇరుక్కున్న బండ కదిలించగానే, లోపలి నుంచి చల్లని గాలి మా మొహాల మీదికి వచ్చింది. పెద్ద నిట్టూర్పులాగా. నేను వెనక్కి పడ్డాను. ఆమె బోర్లా పడుకుని చెవి పెట్టింది. చాలాసేపు విన్నది. "రా, నువ్వూ విను" అంది. విన్నాను. ఎక్కడో చాలా లోతున నీటిబొట్టు చప్పుడు. ఆ బొట్టు రాతి చిల్లుల్లోంచి, పగుళ్ళలోంచి నడిచి నడిచి, ఎన్నో ఏళ్ళకు, దిగువన సముద్రపు ఒడ్డున మన ఊటలోకి వస్తుంది. మా అత్తగారు కోడలిగా వచ్చినప్పుడు వీపున కుండ కట్టుకుని మోసిన నీళ్ళు ఆవిడ పుట్టకముందు పడిన వాన కావచ్చు. మనం ఇవాళ ఆపిన వాన ఇంకా పుట్టని పిల్లలది.

"ఊళ్ళో చెప్పేయనా సామ్‌చున్?" అని అడిగాను.

"నీ నోరు, నీ ఇష్టం. ఎక్కడ ఆపాలో నేను నేర్పగలను కానీ, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ నేర్పలేరు."

నేను మొదలుపెట్టలేదు. ఆ ఏడు మా ఆయన కాలు, మరుసటి ఏడు అత్తగారి జబ్బు. ఆ తర్వాత మల్సూన్ సామ్‌చున్ పోయింది, ఆ ఇంట్లో ఏడుపు చల్లారనీ అనుకున్నాను. ఇవన్నీ సాకులు. నిజం ఒకటే. పుస్తకం నా చేతిలోంచి పోతుందని భయం. జంగ్‌సూక్ లెక్క తప్పదు అని మీరు అనే మాట పోతుందని భయం. తొమ్మిది పంటలు ఆమె ఒక్కతే విత్తింది, ఒక్కతే పలచన చేసింది, ఒక్కతే తవ్వింది. మీరు పలకరించారు, నవ్వారు, కూరలు ఇచ్చుకున్నారు. వరసలోకి మాత్రం పిలవలేదు. నేను చూస్తూ ఉన్నాను, గోడ ఇవతలి నుంచి.

డిసెంబరు చివర ఆమె మంచం పట్టినప్పుడు వెళ్ళాను. చేతులు చూసి అడిగాను, ఇన్నేళ్ళు రాయి అరగదీశారు, ఆ వేళ్ళ గీతలన్నీ అరిగిపోయాయి, బాధ లేదా అని. వేళ్ళు వెలుతురులో పెట్టి చూసుకుంది. "చందమామ రాయి ముసలిదవదు జంగ్‌సూకా. అందుకే దానికి ఎవరూ పుట్టరు. మన రాయి నీళ్ళు తాగి, తుప్పు పట్టి, విరిగి, మట్టయింది. ముసలిదైంది కాబట్టి మనకు అన్నం పెడుతోంది. అరిగిపోవడం తప్పేం కాదు. ఎవరి కోసమో చూసుకోవాలి, అంతే."

నేను ఆ రోజు కూడా చెప్పలేకపోయాను. ఈ నెల ఐదో తారీఖున ఆమె పోయింది.

జేపిల్ సామ్‌చున్, మీకు జరిగిన నష్టం నాది. మీ ఇంటావిడ ఓక్నామ్ సామ్‌చున్ మీద కోపంతోనే పోయింది, ఆ కోపం కూడా నా వల్లే. దాన్ని వెనక్కి తేలేను. అది నా మీదే ఉంటుంది. చేలు మునిగిన మిగతా రెండు ఇళ్ళవాళ్ళకూ ఇదే మాట. సభ అయ్యాక పుస్తకం ఇక్కడ పెడతాను. ఇంకెవరికివ్వాలో మీరే అనుకోండి.

ఇచ్చే ముందు రెండు పనులు చేశాను. ఆమె పేరు మళ్ళీ రాశాను. చేలో సగం క్యారట్ ఇంకా భూమిలోనే ఉంది. వరసలో సోమవారం ఆమెది. ఎవరు వస్తారో నేను రాయలేదు, అది మీ చేతుల్లో ఉంది.

రెండోది, నేను ఎన్నడూ పుస్తకానికి ఎక్కించని బాకీ. మున్ జంగ్‌సూక్, బూ ఓక్నామ్‌కి, ఆరు రోజులు. పోయిన వారం ఆరు రోజులు ఆమె చేలో నేను ఒక్కదాన్నే తవ్వాను. ఆ మట్టి చేతుల్లోకి తీసుకుంటే తెలిసింది, నేను పట్టుకున్నది ఎంత పాత మంటో, ఎంత పాత వానో. ఆరు రోజులు. చెల్లు.

ఇక అందరూ లేచి నిలబడండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నా మీద కోపం వచ్చినవాళ్ళు కూడా లేవండి, కూర్చున్నాక ఆ కోపం చూపిద్దురు గాని. ఈ నిమిషం నాది కాదు. ఇది ఓక్నామ్ సామ్‌చున్‌కి మనం తొమ్మిదేళ్ళు ఇవ్వని నిమిషం. జేపిల్ సామ్‌చున్, మీరు లేచేదాకా నేను ఆగుతాను.

లేచారు. ఇప్పుడు ఎవరం మాట్లాడవద్దు.